ట్యాంకు నిండాక నీళ్లు ఆపేదెవరు? ఇన్‌ఫ్లమేషన్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పని

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. అమ్మగారికి ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. 2024లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు నోబెల్ వచ్చినప్పటి నుంచి మీరు వాటి గురించి చదువుతున్నారు. ఇరవై రెండు అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపూ మంటనూ, ఎలా అదుపు చేస్తుందో అర్థం కావడం లేదన్నారు. ఇది మొదటిది. ఒక ల్యాబ్ వాళ్లు రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల ప్యానెల్ చేసి "ఇన్‌ఫ్లమేషన్ ప్రొఫైల్" ఇస్తామంటున్నారు, చేయించాలా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడు అక్కర్లేదు. ఎందుకో చెప్పాలంటే మొదటి ప్రశ్నకు పూర్తిగా జవాబివ్వాలి, అది కాస్త పొడుగవుతుంది. నేను వైద్యం చేసే డాక్టరును కాను. పదిహేడేళ్లు ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాలతోనూ, ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలతోనూ కుస్తీ పట్టాను. కాబట్టి మందుల విషయం మీ రుమటాలజిస్టుదే. కణం లోపల ఏం జరుగుతుందన్నంత వరకు నేను చెప్పగలను.

"ఇమ్యూనిటీ పెంచుకోండి" అనే మాట కరోనా రోజుల్లో కషాయాల నుంచి చాక్లెట్ల దాకా అన్నింటి మీదా కనిపించింది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఆ మాట వింటే నవ్వొస్తుంది. ఇమ్యూనిటీని రెచ్చగొట్టడం చాలా తేలిక. గిన్నెలో పెంచుతున్న మాక్రోఫేజ్ కణాల మీద బాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థం మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములు వేస్తే చాలు, గంటా రెండు గంటల్లో మంటను రాజేసే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ధారగా బయటికి వస్తుంది. కష్టమంతా దాన్ని ఆపడంలో ఉంది. సూక్ష్మజీవి చచ్చాక కూడా ఆ ధార ఆగకపోతే ఆ తర్వాత కాలేది సొంత కణజాలమే. మీ అమ్మగారి వేళ్ల కీళ్లలో జరుగుతున్నది అదే: ఎరుపు, వేడి, వాపు, నొప్పి, అన్నీ ఉన్నాయి, కానీ తరిమికొట్టాల్సిన శత్రువు మాత్రం అక్కడ లేడు.

ఎల్‌పీఎస్ తగలగానే కణంలో ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఈ దారి మీదే నడుస్తుంది. కణం పైపొర మీద టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం ఎల్‌పీఎస్‌ను పసిగడుతుంది. ఆ కబురు లోపల చేతులు మారుతూ వెళ్తుంది. ఆ చేతుల్లో రెంటి పేర్లు గుర్తుంచుకోండి: ఐరాక్1, ట్రాఫ్6. చివరికి ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రొటీన్‌కు కట్టిన కట్లు తెగుతాయి. అది కేంద్రకంలోకి దూరి టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి వందలాది జన్యువులను ఆన్ చేస్తుంది. ఈ ఎన్‌ఎఫ్ కప్పా బిని 1986లో డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్‌లో రంజన్ సేన్ కనిపెట్టాడు. యాంటీబాడీలు చేసే బి కణాల్లో కప్పా అనే యాంటీబాడీ గొలుసు జన్యువు దగ్గర దొరికింది కాబట్టి ఆ పేరు పెట్టారు. తర్వాత చూస్తే దాదాపు అన్ని కణాల్లోనూ ఉందని తేలింది, కానీ పేరు అతుక్కుపోయింది.

ఇప్పుడు మీ మేడ మీద నీళ్ల ట్యాంకు గుర్తు తెచ్చుకోండి. అందులో తేలే బంతి ఉంటుంది కదా. నీళ్లు పెరిగేకొద్దీ బంతి లేస్తుంది, బంతి లేస్తే వాల్వు మూసుకుంటుంది. కాపలాదారు అక్కర్లేదు. నింపుతున్న నీళ్లే తమను తాము ఆపుకుంటాయి. మాక్రోఫేజ్‌లోనూ ఇలాంటి బంతులు చాలా ఉన్నాయి. ఐకప్పాబి ఆల్ఫా, ఏ20 అనే ప్రొటీన్లను ఎన్‌ఎఫ్ కప్పా బి తానే చేయించుకుంటుంది, అవి వచ్చి దాన్నే అణుస్తాయి. ఇవి పాత సంగతులు. 2006లో తెలిసింది ఏమిటంటే, ఆ బంతుల్లో ఒకటి ప్రొటీన్ కాదు, 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క.

అది చెప్పే ముందు మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో రెండు మాటలు. డీఎన్‌ఏలోని జన్యువు నుంచి సందేశ ఆర్‌ఎన్‌ఏ వస్తుంది, దాన్ని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. ఇది అందరికీ తెలిసిన పాఠం. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో ఈ పాఠానికి అందని జన్యువును చూశాయి. లిన్-4 అనే ఆ జన్యువు నుంచి ప్రొటీనే రాదు, చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రం వస్తుంది. ఆ ముక్క వేరే జన్యువు సందేశానికి తోకలాంటి చివర్లో అతుక్కుని దాని నోరు నొక్కేస్తుంది. ఏదో పురుగులో వింత అని లోకం ఏడేళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 2000లో లెట్-7 అనే రెండో ముక్క దొరికింది. అది పురుగులో, ఈగలో, చేపలో, మనిషిలో ఒక్కలాగే ఉందని తేలాక అందరూ పరిగెత్తారు.

తయారీ సంగతి క్లుప్తంగా చెప్తాను. ముందు పొడవైన ఆర్‌ఎన్‌ఏ వస్తుంది, అది జడపిన్నులా మడత పడి ఉంటుంది. కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైమ్ ఒకసారి కోస్తుంది, బయటికొచ్చాక డైసర్ ఇంకోసారి కోస్తుంది. మిగిలిన ముక్కను ఆర్గోనాట్ అనే ప్రొటీన్ చంకన వేసుకుని తిరుగుతుంది. ముక్కలో 2 నుంచి 8 దాకా ఉన్న ఏడు అక్షరాలు ఏ సందేశం తోకతో జతకుదిరితే దాన్ని పట్టుకుంటుంది. అంతే. ఏడక్షరాలు కుదిరితే చాలు కాబట్టి ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకు వందల లక్ష్యాలుంటాయి. మనిషి ప్రొటీన్ జన్యువుల్లో సగానికి పైగా వీటి అదుపులో ఉన్నాయని లెక్క.

ఇక్కడే మీకు రావాల్సిన అనుమానం ఒకటుంది. వందల లక్ష్యాలున్నప్పుడు ఒక్కోదాని మీద ఎంత దెబ్బ పడుతుంది? చాలా తక్కువ. 2008లో రెండు బృందాలు వేలాది ప్రొటీన్లను కొలిచి చూశాయి. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వల్ల ఏ ప్రొటీన్ అయినా సగానికి తగ్గడం కూడా అరుదే. ఇది చదివి మొదట్లో నేనూ నీరసపడ్డాను. ఇంత చిన్న మార్పు కోసమా మేం రాత్రిళ్లు కూర్చుంటున్నది అనిపించింది.

సరే, 2006కు వద్దాం. ఎన్‌ఎఫ్ కప్పా బి దొరికిన ఇరవై ఏళ్లకు అదే బాల్టిమోర్, అప్పటికి కాల్‌టెక్‌లో ఉన్నాడు. ఆయన ల్యాబ్‌లో కాన్‌స్టాంటిన్ టగానోవ్, మార్క్ బోల్డిన్ మాక్రోఫేజ్‌లుగా మారే మోనోసైట్ అనే మనిషి కణాల మీద ఎల్‌పీఎస్ వేసి, 200 మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో ఏవి పెరుగుతున్నాయో చూశారు. పెరిగినవి కొన్నే: 146, 132, 155 (ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు నంబర్లే పేర్లు). అందులో 146లో ఒక రకమైన 146ఏ జన్యువును ఆన్ చేస్తున్నది ఎన్‌ఎఫ్ కప్పా బియే. మరి 146ఏ ఏడక్షరాలు ఎవరి తోకతో కుదిరాయి? ఇందాక గుర్తుంచుకోమన్న ఐరాక్1, ట్రాఫ్6 సందేశాలతో. అంటే ఎన్‌ఎఫ్ కప్పా బి తన దాకా కబురు మోసుకొచ్చిన చేతులనే నెమ్మదిగా కట్టేయిస్తోంది. ట్యాంకులో బంతి లేచింది.

రెండు చోట్ల చెయ్యి వేయడంలో కిటుకు చూడండి. ఉదాహరణకు ఐరాక్1 ముప్ఫై శాతం తగ్గి, ట్రాఫ్6 కూడా ముప్ఫై శాతం తగ్గిందనుకుందాం. విడివిడిగా చూస్తే రెండూ చిన్న మార్పులే. కానీ కబురు ఒకరి తర్వాత ఒకరి చేతిమీదుగా పోవాలి కాబట్టి డెబ్బైలో డెబ్బై శాతం, అంటే నలభై తొమ్మిది. కబురు సగమైపోయింది. నేను నీరసపడ్డ చిన్న దెబ్బ, ఒకే దారిలో రెండు మూడు చోట్ల పడితే చిన్నదిగా ఉండదు.

ఇంకో ముఖ్యమైన తేడా టైము. ఐకప్పాబి ఆల్ఫా గంటలోపే వచ్చి పనిచేస్తుంది. 146ఏ తీరిగ్గా గంటల తరబడి పోగవుతుంది, పోగయ్యాక అంత తొందరగా పోదు. టీఎన్‌ఎఫ్ సందేశం నిమిషాల్లో విరిగిపోయే రకం, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రం ఒకసారి ఆర్గోనాట్‌లో కూర్చున్నాక గంటలు, కొన్నిసార్లు రోజులు ఉంటాయి. అందుకే ఒకసారి ఎల్‌పీఎస్ తిన్న మాక్రోఫేజ్‌కు మర్నాడు మళ్లీ ఎల్‌పీఎస్ ఇస్తే మొదటిరోజులా రెచ్చిపోదు. దీన్ని ఎండోటాక్సిన్ టాలరెన్స్ అంటారు. అందులో 146ఏకు వాటా ఉంది.

ఈ బంతిని పీకేస్తే? 2011లో బోల్డిన్ బృందం 146ఏ లేని ఎలుకలను తయారుచేసింది. పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి. ఎల్‌పీఎస్ ఇస్తే మామూలు ఎలుకల కంటే ఎక్కువ తల్లడిల్లాయి. నెలలు గడిచేకొద్దీ ప్లీహం ఉబ్బింది, సొంత ఒంటి మీద యాంటీబాడీలు వచ్చాయి, ముదిరాక కొన్నింటికి రక్త కణాల క్యాన్సర్లు వచ్చాయి. ఒక్క 22 అక్షరాల ముక్క పోయినందుకు. అయితే పుట్టిన రోజే ఏమీ కాలేదు, వయసు మీద పడేకొద్దీ అయింది అన్నది గమనించండి. కారే ట్యాంకు మొదటిరోజే గోడ కూల్చదు, చెమ్మ చేరి చేరి కూలుస్తుంది.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇంకోటుంది, పసిపిల్లల పేగు. పుట్టేదాకా పేగులో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. పుట్టిన గంటల్లో కోట్లలో వచ్చి పడతాయి. వాటి ఎల్‌పీఎస్‌కంతటికీ పేగు గోడ రెచ్చిపోతే బిడ్డ బతకదు. ఎలుక పిల్లల్లో చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, కాన్పు సమయంలో తగిలే కాస్త ఎల్‌పీఎస్‌కు పేగు గోడ కణాలు ఒకసారి ఉలిక్కిపడి, 146ఏను తయారుచేసుకుని, ఐరాక్1ను తగ్గించుకుని, తొలి రోజులంతా ఓపిక పడతాయి. సిజేరియన్‌తో బయటికి తీసిన ఎలుక పిల్లల్లో ఆ మొదటి ఉలికిపాటే కనిపించలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఈ మాట వినగానే చాలామందికి టెన్షన్ వస్తుంది, నేను ఎక్కడ చెప్పినా వచ్చింది. అందుకే చెప్తున్నాను, అది ఎలుక పేగు. మనిషి బిడ్డకు దాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకండి.

ఇక 155 సంగతి. 146ఏ బంతి అయితే 155 ఆ బంతిని నీళ్లలోకి అదిమిపట్టే చెయ్యి. దీన్నీ ఎన్‌ఎఫ్ కప్పా బియే రప్పిస్తుంది, కానీ ఇది చేసే పని తిరగబడి ఉంటుంది. దీని లక్ష్యాల్లో షిప్1, సాక్స్1 అనే ప్రొటీన్లున్నాయి. ఆ రెండూ ఇన్‌ఫ్లమేషన్‌కు బ్రేకులు. బ్రేకును తగ్గిస్తే బండి వేగం పెరుగుతుంది కదా, అలా 155 మంటను ఎగదోస్తుంది. 2007లో 155 లేని ఎలుకల గురించి సైన్స్ పత్రికలో రెండు పేపర్లు పక్కపక్కనే వచ్చాయి. ఆ ఎలుకలకు సాల్మొనెల్లా టీకా వేసినా రక్షణ రాలేదు. బి కణాలు సరైన యాంటీబాడీలు చేయలేకపోయాయి, రోగనిరోధక కణాల్లో ఇంకో రకమైన టి కణాలు మందగించాయి. తర్వాత చేసిన ప్రయోగాల్లో ఇంకో ముఖం కనిపించింది. కొలాజెన్ ఎక్కించి ఎలుకల్లో కీళ్లవాతం తెప్పించే పద్ధతి ఒకటుంది. 155 లేని ఎలుకలకు అలా చేసినా కీళ్లవాతం రాలేదు.

మీ అమ్మగారి జబ్బు దగ్గర మనం ఆగి ఆలోచించాల్సింది ఈ రెండు ఫలితాలను కలిపి. 155ను తీసేస్తే కీళ్లు బాగుంటాయి, టీకా పనిచేయదు. మరోపక్క రక్తం తయారుచేసే మూలకణాల్లో 155ను ఎప్పుడూ ఎక్కువగా ఉండేలా చేస్తే ఎలుకలకు రక్త కణాలు అదుపు లేకుండా పెరిగే జబ్బు వచ్చింది. తక్కువైనా తంటానే, ఎక్కువైనా తంటానే. 2017లో అదే కాల్‌టెక్ బృందం రెంటినీ కలిపి చూసింది. 155 ఎన్‌ఎఫ్ కప్పా బి స్పందనను ఎగదోసే చక్రం, 146ఏ దాన్ని దించే చక్రం. మంట తొందరగా అంటుకోవాలి, పనయ్యాక ఆరిపోవాలి. దానికి రెండు ముక్కలూ కావాలి, సరైన వరసలో కావాలి. కాబట్టి మైక్రో ఆర్‌ఎన్‌ఏ గురించి "ఎంత ఉంది" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. "ఏ కణంలో, ఏ సమయానికి" అన్నది మిగతా సగం.

"ఏ కణంలో" అన్నదానికి రెండు మూడు ఉదాహరణలు చాలు. 223 అనేది న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్లో విపరీతంగా ఉంటుంది. అది లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ మరీ దుడుకుగా ప్రవర్తించి ఊపిరితిత్తులను పాడుచేశాయి. గౌట్ నొప్పికి మూలమైన ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్‌ను తక్కువలో ఉంచేవాటిలోనూ ఇదొకటి. 181ఏ థైమస్ అనే గ్రంథిలో ఎదుగుతున్న టి కణాల్లో ఎక్కువ. అక్కడ దాని పని టి కణం చెవులు చురుగ్గా ఉంచడం. సొంత ఒంటిని గుర్తుపట్టి కొట్టే రకం కణాలుంటే అక్కడే పట్టుబడి పోవాలి, దానికి చిన్న సంకేతం కూడా వినిపించాలి. బయటికి వచ్చాక అంత చురుకు అక్కర్లేదు, 181ఏ తగ్గిపోతుంది. ఇక తగవులు తీర్చే టి రెగ్ కణాల్లో డైసర్‌ను తీసేసి మైక్రో ఆర్‌ఎన్‌ఏలే రాకుండా చేస్తే ఎలుకలు సొంత ఒంటి మీదే దాడి జరిగే ఆటోఇమ్యూన్ జబ్బుతో చిన్నవయసులోనే చనిపోయాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. రుమటాయిడ్ రోగుల కీలు లోపలి పొరలో 155, 146ఏ రెండూ కీళ్ల అరుగుదల ఉన్న ఆస్టియో ఆర్థరైటిస్ వాళ్ల కంటే ఎక్కువగా ఉన్నాయని 2008లోనే చూశారు. ఇది చదవగానే మీకు ప్రశ్న రావాలి: మంటను ఆర్పే 146ఏ అంత ఉన్నప్పుడు మంట ఎందుకు ఆరలేదు? అదే ఏడాది ఇంకో బృందం రోగుల రక్త కణాల్లో 146ఏ పెరిగినా, దాని లక్ష్యాలైన ఐరాక్1, ట్రాఫ్6 మాత్రం ఆరోగ్యవంతుల్లో ఉన్నంతే ఉన్నాయని చూపింది. బంతి పైకి లేచి ఉంది, వాల్వు మాత్రం మూసుకోలేదు. ఎక్కడో కడ్డీ వంగింది. అదే లూపస్ జబ్బులో 146ఏ తగ్గి ఉంటుంది. అంటే ఒక ఆటోఇమ్యూన్ జబ్బులో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. రిపోర్టులో "146ఏ: హై" అని ఎర్ర అక్షరాల్లో వస్తే దాన్ని ఏమని చదువుతారు? ఒళ్లు మంటను ఆర్పుతోందనా, మంట ఎక్కువగా ఉందనా, ఆర్పాలని చూసి ఓడిపోయిందనా? మూడింటికీ అంకె ఒకటే.

అర్థం చెప్పుకోవడం అలా ఉంచి, అసలు కొలవడమే గండం. మా ల్యాబ్‌లో జరిగిన సిగ్గుచేటు కథ చెప్తాను. ఒక జబ్బు రోగుల సీరంలో 451, 16 అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఆరోగ్యవంతుల కంటే చాలా ఎక్కువ కనిపించాయి. రెండు వారాలు గాల్లో తేలాం. పేపర్ శీర్షిక కూడా అనుకున్నాం. ఒక సాయంత్రం ట్యూబులను కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే రోగుల సీరం లేత గులాబీ రంగులో ఉంది, మాది లేత పసుపు. ఆ రెండూ ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటాయి. రోగుల రక్తం రద్దీగా ఉండే ఓపీలో సన్న సూదితో హడావిడిగా లాగి, ఆటోలో కుదుపుకుంటూ వచ్చింది. ఆరోగ్యవంతుల రక్తమంటే మా సిబ్బందిదే, ఏసీ గదిలో తీరిగ్గా తీసింది. మేం కనిపెట్టింది జబ్బు గుర్తును కాదు, ఆటో కుదుపును. తప్పు మాదే, ముందే చూసుకోవాల్సింది.

223కూ ఇదే గతి. అది ప్లేట్‌లెట్లలో కూడా ఎక్కువ. రక్తం గడ్డకట్టించి తీసిన సీరానికి, గడ్డకట్టకుండా తీసిన ప్లాస్మాకు, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పడం ఒక పావుగంట ఆలస్యమైన ప్లాస్మాకు అంకెలు వేరువేరుగా వస్తాయి. పైగా దేంతో పోల్చి "ఎక్కువ" అంటున్నారన్నది ల్యాబుకొక రకం. ఇన్‌ఫ్లమేషన్‌ను చూసే మామూలు రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీకి ఎక్కడ చేయించినా దాదాపు ఒకే భాష ఉంది, దశాబ్దాల అనుభవం ఉంది, డాక్టరు దాన్నిబట్టి మందు మారుస్తారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్ చూసి మందు మార్చే రుమటాలజిస్టు నాకు ఇంతవరకు తారసపడలేదు. మందు మార్చడానికి పనికిరాని టెస్టుకు డబ్బెందుకు?

మరి మందుగా పనికొస్తుందా అని మీరు తప్పక అడుగుతారు. ఆశ ఉంది, దెబ్బలూ తగిలాయి. 34ఏ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ నకలును కొవ్వు బుడగల్లో పెట్టి క్యాన్సర్ రోగులకు ఎక్కించిన ఎంఆర్ఎక్స్34 ప్రయోగాన్ని 2016లో మధ్యలోనే ఆపేశారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడి నలుగురు రోగులు చనిపోయారు. ఇందులో ఒక చేదు విషయముంది. బయటి నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే కణం ముందు అనుకునేది "వైరస్" అనే. టీఎల్‌ఆర్3, 7, 8 అనే గ్రాహకాలు అందుకే ఉన్నాయి. కటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను కాస్త మార్చి ఈ కాపలాదారుల కన్నుగప్పే మార్గం చూపించారు, అదే తర్వాత కరోనా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు దారి వేసింది. ఇమ్యూనిటీని శాంతింపజేద్దామని పంపిన ముక్కే ఇమ్యూనిటీని రెచ్చగొట్టే ప్రమాదం మాత్రం ఈ రంగంలో ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

155ను అడ్డుకునే కోబోమార్సెన్‌ను చర్మంలో వచ్చే ఒక రకం టి కణ లింఫోమాలో పరీక్షించారు, అది మార్కెట్ దాకా రాలేదు. ప్రస్తుతం నా కళ్లన్నీ ఒబెఫాజిమోడ్ మీద ఉన్నాయి. ఇది ఆర్‌ఎన్‌ఏ కాదు, నోటితో మింగే మాత్ర. కణంలో 124 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది. 124 మంటను తగ్గించే రకం. మొదట్లో దీన్ని హెచ్‌ఐవీ కోసం మొదలుపెట్టారు, దారి మళ్లి పేగుల జబ్బు అల్సరేటివ్ కోలైటిస్‌కు వచ్చింది. మూడో దశ ప్రయోగాల తొలి ఫలితాలు 2025లో బాగానే వచ్చాయి. రుమటాయిడ్‌కు మామూలుగా వాడే మెథోట్రెక్సేట్ మందుతో కలిపి రుమటాయిడ్ రోగుల్లోనూ చిన్న ప్రయోగం ఒకటి చేశారు. ఇవాళ మీ డాక్టరు రాయగలిగిన మందు మాత్రం కాదిది.

కొలెస్ట్రాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ లాంటి "చిన్న ఆర్‌ఎన్‌ఏ మందులు" ఇప్పటికే వచ్చేశాయి కదా అని ఎవరైనా మీతో వాదిస్తే, తేడా ఇది. అవి ఎస్ఐఆర్‌ఎన్‌ఏలు. అక్షరం అక్షరం కుదిరిన ఒకే ఒక్క సందేశాన్ని కోసేస్తాయి. పైగా అవి వెళ్లాల్సింది కాలేయానికి, అక్కడికి ముక్కను చేర్చే దారి బాగా తెలుసు. కీలు పొరలోని మాక్రోఫేజ్‌కు మాత్రమే చేర్చి, పక్కనున్న టి కణానికి తగలకుండా చూడడం ఇంకా చేతకాలేదు.

ఈలోగా మీ అమ్మగారి మందులకూ ఈ కథకూ సంబంధం లేకపోలేదు. 155 అణిచేసే సాక్స్1 పని ఏమిటో చెప్పలేదు కదా, జాక్ అనే ఎంజైములను అదుపులో ఉంచడం. టోఫాసిటినిబ్ లాంటి మందులను జాక్ ఇన్హిబిటర్లు అంటారు. అంటే 155 పీకేసిన బ్రేకు చోట డాక్టర్లు ఇప్పటికే బయటి నుంచి బ్రేకు వేస్తున్నారు. టీఎన్‌ఎఫ్‌ను పట్టేసే ఇంజెక్షన్లు ట్యాంకు పొంగాక కింద బకెట్ పెట్టడం లాంటివి, అవీ బాగానే పనిచేస్తున్నాయి. 155 లేని ఎలుకలు టీకాకు స్పందించలేదని చెప్పాను. ఈ మందులు వాడే మనుషుల్లోనూ ఇన్‌ఫెక్షన్లు, ముఖ్యంగా టీబీ గురించి డాక్టర్లు అంత జాగ్రత్త పడేది ఇందుకే. మందు మొదలుపెట్టే ముందు చేయించే టీబీ పరీక్ష, వేయించమనే టీకాలు దండగ ఖర్చు కావు.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరుగుతోంది. "మనం తినే బియ్యంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రక్తంలోకి వచ్చి మన జన్యువులను మారుస్తాయి." దీనికి మూలం ఉంది. 2012లో చైనాలోని నాన్జింగ్ యూనివర్సిటీ బృందం, వరిలో ఉండే 168ఏ అనే ముక్క అన్నం తినేవాళ్ల రక్తంలో కనిపించిందని, ఎలుకల కాలేయంలో కొలెస్ట్రాల్‌కు సంబంధించిన జన్యువును తగ్గించిందని రాసింది. పెద్ద సంచలనం. ఆ తర్వాత ఇతరులు ఎలుకలకు బియ్యం పెట్టి వెతికితే చెప్పుకోదగ్గంత దొరకలేదు. కొలెస్ట్రాల్‌లో కనిపించిన మార్పు మేతలోని పోషకాల తేడా వల్లే వచ్చి ఉండొచ్చని వాళ్లు చెప్పారు. మూడు పూటలా అన్నం తినే జాతిగా మనకు ఇది నిజమైతే బాగుండేది. ఏ పొడి డబ్బా మీదైనా "ప్లాంట్ మైక్రో ఆర్‌ఎన్‌ఏ" అని ఉంటే షాపువాడికి దండం పెట్టి వచ్చేయండి.

ఆ ప్యానెల్ డబ్బులు మిగిలితే అమ్మగారికి మూడు నెలలకోసారి చేయించే సీఆర్‌పీ, లివర్ టెస్టులకు వాడండి. మెథోట్రెక్సేట్ వాడుతుంటే వారానికి ఒక్కరోజే అన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసేలా క్యాలెండర్ మీద రాయండి. ఎప్పుడైనా ప్రభుత్వ పరిశోధన సంస్థో, మెడికల్ కాలేజీయో ఉచితంగా, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు అమ్మగారి రక్తం అడిగితే మాత్రం తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, ట్యూబు ఎంతసేపట్లో తిప్పుతారని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే వాళ్లు పని తెలిసినవాళ్లు.